టెస్టు కిట్‌లో సున్నా వచ్చిందంటే ట్యాంకు బాగుందని కాదు

మీ పరిస్థితి మిగతావాళ్లకీ అర్థం కావాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు. తొమ్మిది నెలల రీఫ్ ట్యాంకు (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పు నీళ్ల అక్వేరియం), కింద ఫిల్టర్ సామాను పెట్టే తొట్టి, అంటే సంప్‌తో కలిపి నికరంగా 200 లీటర్ల నీళ్లు. పొడి రాయితో, అంటే జీవం లేని ఎండు రాయితో మొదలుపెట్టారు. క్లౌన్‌ఫిష్ జత, ఒక గోబీ చేప. రెండు రోజులకోసారి చిటికెడు పెల్లెట్లు. నురుగుతో మురికి తీసే స్కిమ్మర్, చీటో అనే ఆల్గే (నాచు) పెంచుతున్న రెఫ్యూజియం అనే చిన్న గది, ఫాస్ఫేట్ పీల్చే ఇనుప గుళికలున్న జీఎఫ్‌ఓ రియాక్టర్, పైగా పోషకాలు తినే బాక్టీరియా కోసం రోజూ కొంచెం వెనిగర్. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఆల్కలినిటీ (నీళ్లలో కార్బొనేట్ల కొలత) 10.5 డీకేహెచ్. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అయినా జోవాంథిడ్లు విచ్చుకోవడం లేదు, టోడ్‌స్టూల్ అనే మెత్తటి పగడం పాలిపోయింది, హ్యామర్ అనే గట్టి పగడం ముడుచుకుపోయింది, ఇసుక మీద బుడగలతో గోధుమరంగు జిగురు తీగలు లేచాయి, నత్తలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. నీళ్లు ఇంకా ఎక్కువ మార్చాలా, రుషికొండ నుంచి సముద్రపు నీళ్లు, కాస్త రాయి తెచ్చి వేస్తే బాగుపడుతుందా అని అడిగారు.

రెండూ వద్దండి. ముందు లేచి వెళ్లి జీఎఫ్‌ఓ రియాక్టర్ పంపు ఆపేసి రండి, మిగతాది తర్వాత చదవచ్చు. మీరు చెప్పిన లక్షణాలన్నీ కలిపి చూస్తే అది ఆకలి. నీళ్లలో మురికి ఎక్కువై వచ్చిన బాధ కాదు.

టెస్టు కిట్ చూపించేది మిగులు మాత్రమే. ట్యాంకులోకి ఎంత వచ్చింది, ఎవరు ఎంత తిన్నారు అన్నది అది చెప్పదు. సింహాచలం కొండ మీద అన్నదానం అయిపోయాక గుండిగలోకి తొంగిచూస్తే ఖాళీగా ఉంటుంది. వెయ్యి మంది కడుపునిండా తిన్నందుకు ఖాళీ అయిందా, ఆ పూట అసలు పొయ్యే వెలిగించలేదా అన్నది గుండిగ అడుగు చూసి చెప్పలేం. నిండుగా చేపలుండి రోజుకి మూడు నాలుగుసార్లు మేత పడే ట్యాంకులో నైట్రేట్ దాదాపు కనపడకపోయినా కోరల్స్ నిగనిగలాడుతూ ఉండొచ్చు. అక్కడ పోషకం వస్తోంది, వచ్చింది వచ్చినట్టే కోరల్స్ నోట్లోకి పోతోంది. మీ ట్యాంకులో మూడే చేపలు, రెండు రోజులకోసారి చిటికెడు మేత. ఆ వచ్చే కాస్తనీ లాక్కోవడానికి స్కిమ్మర్, చీటో, జీఎఫ్‌ఓ, వెనిగర్ మీద పెరిగే బాక్టీరియా నాలుగూ కాచుకుని ఉన్నాయి. అయిదోది మీరు లెక్కలో వేసుకోనిది: ఆ పొడి రాయి. దాని సంగతి తర్వాత విడిగా చెప్తాను, అసలు చిక్కు అక్కడే ఉంది.

సముద్రంలో రీఫ్ దగ్గర నైట్రేట్, ఫాస్ఫేట్ దాదాపు ఉండవు కదా, మనమూ అలాగే పెట్టాలి కదా అని చాలామంది అంటారు. మొదటి సగం నిజమే. కానీ అక్కడ ప్రవాహం రాత్రీ పగలూ నీళ్లలో తేలే చిన్న చిన్న జీవుల్ని, అంటే ప్లాంక్టన్‌ని మోసుకొచ్చి కోరల్స్ మీద పోస్తూనే ఉంటుంది. చేపల గుంపులు వాటి మీదే తిరుగుతాయి, అక్కడే విసర్జిస్తాయి. కరీబియన్‌లోని సెయింట్ క్రాయ్ దీవి దగ్గర మేయర్, షుల్ట్జ్, హెల్ఫ్‌మన్ అనే పరిశోధకులు దీన్ని చూసి 1983లో ప్రచురించారు. గ్రంట్ అనే చేపలు పగలంతా గుంపుగా కొన్ని కోరల్స్ దగ్గర తలదాచుకుంటాయి. అలా చేపలు నిలిచే కోరల్స్, చేపలు రాని కోరల్స్ కంటే త్వరగా పెరిగాయి. మన కిట్లతో నీళ్లు పరీక్షిస్తే రెండు చోట్లా పెద్ద తేడా దొరక్కపోవచ్చు, కానీ తిండి ఒకదానికే అందింది. మన తీరం సంగతే చూడండి. మార్చి నుంచి మే దాకా విశాఖ తీరంలో అడుగునున్న చల్లటి నీళ్లు పైకి ఎగదన్ని పోషకాలు తెచ్చిపెడతాయి. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన సముద్ర శాస్త్రవేత్త లఫాండ్ వాల్తేరు తీరంలో ఈ విషయాన్ని నమోదు చేశారు. సముద్రం కూడా సున్నా మీద బతకడం లేదు, రాకపోకల మీద బతుకుతోంది.

ఇప్పుడు కోరల్ లోపల ఏం జరుగుతోందో చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే తర్వాతి పనుల వరుస మీకే తడుతుంది. కోరల్ కణాల్లో జూక్సాంథెల్లే అనే ఆల్గే ఉంటుంది. అది వెలుతురుతో చక్కెరలు చేసి కోరల్‌కి ఇస్తుంది. చక్కెరతో శక్తి వస్తుంది కానీ ఒళ్లు పెరగదు. ప్రోటీన్‌కి నత్రజని కావాలి, కణాల పొరలకీ డీఎన్‌ఏకీ భాస్వరం కావాలి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో వీడెన్‌మన్, డాంజెలో బృందం ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసింది. నీళ్లలో నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ లేకపోతే ఆల్గే పెరగాలని చూస్తుంది కానీ భాస్వరం దొరకదు. దాంతో తన పొరల్లో భాస్వరం ఉన్న కొవ్వుల బదులు గంధకం ఉన్న కొవ్వుల్ని వాడుకోవడం మొదలుపెడుతుంది. అలా తయారైన పొర వేడికీ వెలుతురుకీ తట్టుకోలేదు. ఫలితం బ్లీచింగ్, అంటే ఆల్గే పోయి కోరల్ తెల్లబడటం. 2013లో వాళ్లు దీన్ని బయటపెట్టారు, 2017లో ఇంకా వివరంగా చూపించారు. 2017 ప్రయోగాల్లో వాడింది యూఫిలియా, అంటే మీ హ్యామర్‌కి దగ్గరి చుట్టమే. 2023లో అదే బృందం ఇంకో సంగతి చెప్పింది. కోరల్స్ తమలో మిగులుగా పెరిగిన ఆల్గేని అరిగించుకుని, దాన్నుంచి నత్రజని, భాస్వరం తీసుకుంటాయి. నీళ్లలో కరిగిన పోషకాలు కోరల్‌కి అందే దారి ఇదన్నమాట: ఆల్గే పీల్చుకుంటుంది, కోరల్ ఆల్గేని కోసుకు తింటుంది. నీళ్లు ఒట్టిపోతే పంటా లేదు, కోతా లేదు.

ఇందువల్లే నేను ఎప్పుడూ ఫాస్ఫేట్ సంగతి ముందు చూడమంటాను. రెండూ సున్నా ఉన్న ట్యాంకులో నైట్రేట్ ఒక్కటే పోసి ఊరుకుంటే పైన చెప్పిన ప్రమాదంలోకి మనమే తోసినట్టవుతుంది.

అయితే ఏదైనా పోసే ముందు మీ సున్నా నిజమైన సున్నానో కాదో చూసుకోండి. రంగు పోల్చుకునే కిట్లలో ఫాస్ఫేట్ తక్కువ స్థాయిలో కంటికి ఆనదు. హన్నా కంపెనీ వాళ్ల అల్ట్రా లో ఫాస్ఫరస్ చెకర్ దొరికితే అది మేలు. అందులో వచ్చే అంకె భాస్వరానిది, పీపీబీల్లో (వంద కోట్లలో ఎన్ని వంతులు) ఉంటుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని వంతులు) వస్తుంది. అంటే 10 వస్తే సుమారు 0.03 పీపీఎం. ఆ పరికరానికి కూడా అయిదు పీపీబీ అటూ ఇటూ తేడా ఉంటుంది కాబట్టి 2 వచ్చినా 5 వచ్చినా ఒకటే అనుకోండి. గాజు సీసా మీద వేలిముద్ర పడితే అంకె మారిపోతుంది, ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడవండి. నైట్రేట్‌కి సాలిఫర్ట్ కిట్ చాలు. తక్కువ స్థాయిలో సీసాని పైనుంచి కాకుండా పక్కనుంచి చూసి, వచ్చిన విలువని పదితో భాగించాలి. చాలామంది ఈ సంగతి గమనించరు.

ఇంకో మాట. గాజు మీద పచ్చటి పొర, రాళ్ల మీద జుట్టులాంటి ఆల్గే దట్టంగా ఉండి టెస్టు సున్నా చూపిస్తే అది వేరే కథ, అక్కడ పోషకం ఆల్గే పొట్టలో ఉంది. మీ ఫోటోల్లో అలాంటిదేమీ లేదు. గాజు వారం రోజులు తుడవకపోయినా మెరుస్తోందన్నారు. అంటే నిజంగానే ఖాళీ.

ఇక పనులు. మొదటిది, లాక్కోవడం ఆపాలి. జీఎఫ్‌ఓ ఇప్పటికే ఆపారు కదా, లోపలి గుళికలు (మీడియా) తీసి పక్కన పెట్టేయండి. వెనిగర్ మాత్రం ఒక్కసారిగా మానొద్దు, పది పన్నెండు రోజుల్లో మెల్లగా తగ్గిస్తూ సున్నాకి తెండి. దాని మీద బతుకుతున్న బాక్టీరియా ఒక్కసారిగా చస్తే ఆ కలత వేరు. చీటో లైటు రోజుకి నాలుగు గంటలకి కుదించండి. సగం చీటో తీసి ఎవరికైనా ఇచ్చేయండి. స్కిమ్మర్‌ని మాత్రం ఆపొద్దు. అది ప్రాణవాయువు కోసం కావాలి, ముఖ్యంగా రాత్రుళ్లు, కరెంటు పోయి వచ్చాక. కప్పులో నురుగు తక్కువ పడేలా మట్టం దించి నడపండి. యాక్టివేటెడ్ కార్బన్ కూడా తీయొద్దు, దాని అవసరం కింద చెప్తాను.

రెండోది మేత, నాకు అన్నిటికంటే నమ్మకమైనదీ ఇదే. సీసాలో కలిపి పోసే నైట్రేట్ నైట్రేట్ మాత్రమే. చేప తిని విసర్జించేది అమోనియం, ఫాస్ఫేట్, సూక్ష్మ పోషకాలు అన్నీ కలిసి వస్తుంది, అదీ రోజంతా కొంచెం కొంచెంగా. కోరల్స్ నైట్రేట్ కంటే అమోనియంని తేలిగ్గా వాడుకుంటాయి. అందుకని ఇవాళ్టి నుంచి రోజుకి రెండుసార్లు, తర్వాత మూడుసార్లు మేత వేయండి. పెల్లెట్లతో పాటు ఫ్రోజెన్ మేత కూడా. దాన్ని కడిగి వేయమని అందరూ చెప్తారు, ఇప్పుడు మాత్రం కడగొద్దు.

మనకి ఫిషింగ్ హార్బర్ దగ్గరే ఉంది, పొద్దున్నే వెళ్తే తాజా సరుకు దొరుకుతుంది. స్క్విడ్, తెల్ల కండ ఉన్న చేప కొద్దిగా తెచ్చి సన్నగా తరిగి పల్చటి పొరలా గడ్డకట్టించి పెట్టుకోండి, రోజూ ఒక ముక్క విరిచి వేయొచ్చు. కవళ్లలాంటి నూనె చేపలు వద్దు, నీళ్ల మీద తెట్టు కట్టి స్కిమ్మర్ నురుగు చచ్చిపోతుంది. ట్యాంకులో క్లీనర్ ష్రింప్ ఉన్నా, ముందుముందు పెట్టాలనుకున్నా పచ్చి రొయ్యలు వేయొద్దు. మన జిల్లాల రొయ్యల రైతులకి బాగా తెలిసిన తెల్లమచ్చ వైరస్ ఫ్రీజర్‌లో పెట్టినా చావదు. కోరల్స్‌కి నేరుగా కూడా పెట్టండి. హ్యామర్ టెంటకిల్స్ కాస్త బయటికి వచ్చినప్పుడు, సాయంత్రం లైటు తగ్గాక, చిన్న ముక్క అందించండి. నోరు మూసుకుని ఉంటే బలవంతం చేయొద్దు. 200 లీటర్లకి మూడు చేపలు చాలా తక్కువ. ట్యాంకు కుదురుకున్నాక, క్వారంటైన్ చేసి, నెమ్మదిగా ఇంకో మూడు నాలుగు చిన్న చేపల్ని చేర్చండి. దీర్ఘకాలంలో మీ సమస్యకి విరుగుడు అదే.

మూడోది డోసింగ్. మేత ప్రభావం నీళ్లలో కనపడటానికి వారాలు పడుతుంది, మీ కోరల్స్‌కి అంత ఓపిక లేదు. అందుకని ఈలోపు పొటాషియం నైట్రేట్, మోనోపొటాషియం ఫాస్ఫేట్ వాడండి. ఇవి మన ఎరువుల దుకాణాల్లో డ్రిప్ ఎరువులుగా 13-0-45, 0-52-34 పేర్లతో కిలోల లెక్కన దొరుకుతాయి. నేనైతే అవి కొనను. మీకు కావాల్సింది కొన్ని గ్రాములు, దానికి ల్యాబ్ కెమికల్స్ అమ్మేచోట శుద్ధమైన సరుకు చిన్న డబ్బా తీసుకోవడం మంచిది. వాడుకదారుల్లో కొందరు పొరపాటున అమ్మోనియం నైట్రేట్ అడుగుతుంటారు. అది 2012 నిబంధనల కింద లైసెన్సు ఉండాల్సిన సరుకు, ట్యాంకుకీ పనికిరాదు. యూరియా ఊసే వద్దు.

లెక్క ఇది. పొటాషియం నైట్రేట్ 32.6 గ్రాములు తూచి, ఆర్‌ఓ నీళ్లలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేయండి. దీన్లో 10 మిల్లీలీటర్లు మీ 200 లీటర్లలో పోస్తే నైట్రేట్ 1 పీపీఎం పెరుగుతుంది. దాంతో పాటు పొటాషియం 0.63 పీపీఎం పెరుగుతుంది. సముద్రపు నీళ్లలో పొటాషియం 400 పీపీఎం దాకా ఉంటుంది కాబట్టి దాని గురించి బెంగ అక్కర్లేదు. ఇంకో సీసాలో మోనోపొటాషియం ఫాస్ఫేట్ 1.43 గ్రాములు ఒక లీటరు నీళ్లలో. దీన్లో 4 మిల్లీలీటర్లు పోస్తే మీ ట్యాంకులో ఫాస్ఫేట్ 0.02 పీపీఎం పెరుగుతుంది. తూచడానికి బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి, వంటింటి కాటా సరిపోదు. రెండు సీసాల మీదా పేరు, తేదీ పెద్ద అక్షరాలతో రాసి పిల్లలకి అందకుండా పెట్టండి. మీ నైట్రేట్ కిట్ మీద అనుమానం ఉంటే ఆ మొదటి ద్రావణమే పరీక్షకి పనికొస్తుంది. కొత్తగా కలిపిన ఉప్పు నీళ్లు 2 లీటర్లలో 1 మిల్లీలీటరు వేస్తే కిట్ 10 దగ్గర చూపించాలి.

రోజుకి ఫాస్ఫేట్ 0.02, నైట్రేట్ 1 పీపీఎం మించి పెంచొద్దు. నీళ్ల ప్రవాహం బాగా ఉన్నచోట సంప్‌లో పోయండి. చేరాల్సిన చోటు ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.08, నైట్రేట్ 5 దగ్గర. నైట్రేట్ 3 ఉందా 8 ఉందా అని తల బద్దలు కొట్టుకోవద్దు. కొందరు రెడ్‌ఫీల్డ్ నిష్పత్తి పట్టుకుని రెండింటినీ ఆ లెక్కలో ఉంచాలని తంటాలు పడతారు. రెడ్‌ఫీల్డ్ అనే సముద్ర శాస్త్రవేత్త 1934లో చెప్పడం మొదలుపెట్టిన ఆ లెక్క, కార్బన్ 106, నైట్రోజన్ 16, ఫాస్ఫరస్ 1, సముద్రంలో ప్లాంక్టన్ ఒంట్లో సగటున ఎంతెంత ఉంటుందన్నది. మన ట్యాంకు నీళ్లలో ఎంత ఉండాలన్నది కాదు. దాని ప్రకారమైతే నైట్రేట్ బరువు ఫాస్ఫేట్‌కి పది రెట్లు ఉండాలి. నేను పైన చెప్పిన అంకెల్లో అరవై నుంచి వంద రెట్లు ఉంది, ఆ అంకెలతో ఏళ్లుగా హాయిగా నడుస్తున్న ట్యాంకులు ఎన్నో ఉన్నాయి. రెండూ సున్నాకి పడిపోకుండా ఉండటం, రోజుకో రకంగా ఊగిసలాడకుండా ఉండటం నిష్పత్తి కంటే ముఖ్యం.

ఇప్పుడు రాయి. మీరు మొదటి నాలుగైదు రోజులు ఫాస్ఫేట్ పోస్తారు. మర్నాడు పొద్దున టెస్టు చేస్తే మళ్లీ సున్నా. లెక్క తప్పిందేమో, కిట్ పాడైందేమో అనిపిస్తుంది. రెండూ కాదు. ఆ పొడి రాయి కాల్షియం కార్బొనేట్, దాని ఉపరితలం ఫాస్ఫేట్‌ని పట్టుకుంటుంది. రాయి రంధ్రాల నిండా ఉపరితలమే. మీ ట్యాంకు మొదలైన రోజు నుంచీ మీరు వేసిన మేతలోని ఫాస్ఫేట్‌లో చాలా భాగం రాయిలోకే పోయింది, దాని మీద జీఎఫ్‌ఓ కూడా పెట్టారు. ఇసుక కూడా అరగొనైట్, అంటే కాల్షియం కార్బొనేట్ రకం అయితే అదీ పంచుకుంటుంది. రాయికీ నీళ్లకీ మధ్య ఒక సమతూకం కుదిరేదాకా ఇది సాగుతుంది. అందుకే రెండు మూడు వారాలు రోజూ పోయాల్సి రావచ్చు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చు. విసుగొచ్చి ఒకేసారి పది రెట్లు పోసేయకండి. రాయి పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోదు, రేపు నీళ్లలో ఫాస్ఫేట్ తగ్గితే మెల్లగా వదులుతుంది కూడా. ఇవాళ తొందరపడి రాయిని నింపేస్తే ఆరు నెలల తర్వాత అది వదులుతూ ఉంటుంది, అప్పుడు జుట్టు ఆల్గేతో ఇంకో యుద్ధం. రోజూ ఒకే వేళకి ఫాస్ఫేట్ కొలిచి కాగితం మీద రాసుకోండి. డోస్ వేసిన మర్నాడు కూడా 0.03 పైన నిలబడిందంటే రాయి దాహం తీరుతోందని అర్థం. అప్పటి నుంచి డోస్ సగానికి తగ్గించండి. తర్వాత మేతతోనే అది నిలబడితే సీసా మూసేయొచ్చు.

ఆల్కలినిటీ 10.5 మీకు ఎక్కువ. పోషకాలు లేనప్పుడు ఆల్కలినిటీ ఎక్కువుంటే గట్టి పగడాల అస్థిపంజరం పెరగాలని చూస్తుంది, పైన కండ దానితో సమంగా పెరగలేదు. కొసలు కాలినట్టు తెల్లబడటం అలాంటి ట్యాంకుల్లోనే ఎక్కువ చూస్తాం. ఆల్కలినిటీ పెంచే డోసింగ్ ఆపి, దానంతటదే 8కి దిగనివ్వండి, అక్కడ నిలపండి. లైటు కూడా మూడో వంతు తగ్గించండి. పాలిపోయిన కోరల్‌లో నీడనిచ్చే ఆల్గే తక్కువైపోయింది, తెల్లటి అస్థిపంజరం మీద పడిన వెలుతురు తిరిగి కొట్టి మిగిలిన కాస్తనీ మరింత ఇబ్బంది పెడుతుంది. రంగు తిరిగి వచ్చాక వారానికి కొంచెం చొప్పున పెంచుకోవచ్చు.

వేడి విషయంలో మన ఊరికి ఒక ఇబ్బంది ఉంది. ఫ్యాన్ పెట్టి నీళ్లు ఆవిరి చేసి చల్లబరచడం పొడి వాతావరణం ఉన్న ఊళ్లలో పనిచేసినంత బాగా విశాఖ ఉక్కపోతలో పనిచేయదు. గాలిలోనే తేమ నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? ఏప్రిల్ నుంచి నీళ్లు 30 డిగ్రీలు దాటకుండా చిల్లర్ గానీ, ట్యాంకు ఉన్న గదిలో ఏసీ గానీ చూసుకోండి. ఆకలితో ఉన్న కోరల్ మీద వేడి పడటమంటే బ్లీచింగ్‌ని పిలిచినట్టే.

ఆ గోధుమరంగు తీగలు దాదాపు కచ్చితంగా డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులు, మనం డైనోలు అనేవి. పగలు లైటు కింద బుడగలతో లేచి, రాత్రికి తగ్గి, మర్నాడు మధ్యాహ్నానికి మళ్లీ కనపడటం, నత్తలు చావడం వాటి లక్షణాలే. నైట్రేట్, ఫాస్ఫేట్ అడుగంటిన ట్యాంకుల్లో పోటీపడే మిగతా ఆల్గే, బాక్టీరియా నీరసించాక ఇవి రాజ్యమేలతాయి. తేల్చుకోవాలంటే కొంచెం తీసి సీసాలో నీళ్లతో గట్టిగా గిలకొట్టి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, వడిసిన నీళ్లని గంటసేపు లైటు కింద పెట్టండి. మళ్లీ తీగలుగా ముద్దగట్టితే డైనోలే. ఏ రకమో తెలియాలంటే మైక్రోస్కోప్ కావాలి, 400 రెట్లు చూపించేది చాలు. భీమిలి వైపు రొయ్యల హేచరీల్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఒక చుక్క పట్టుకెళ్లండి, అక్కడ ఆల్గే చూసే టెక్నీషియన్‌కి ఇది నిమిషం పని. నీటిబొట్టు ఆకారంలో ఉండి, ఒక కొసన దారం కట్టినట్టు అక్కడక్కడే గిరగిరా తిరుగుతుంటే ఆస్ట్రియాప్సిస్. అది రాత్రిపూట నీళ్లలోకి తేలుతుంది కాబట్టి ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు తీసుకునే యూవీ స్టెరిలైజర్‌కి చిక్కుతుంది. ఇసుకని అంటిపెట్టుకుని జారుతూ తిరిగే పెద్ద కణాల ఆంఫిడీనియం అయితే యూవీకి డబ్బులు తగలేయొద్దు, అది నీళ్లలోకి రాదు. దానికి సోడియం సిలికేట్ వేసి డయాటమ్‌లనే సూక్ష్మ ఆల్గేని పెంచి ఇసుకని వాటికి అప్పగించే పద్ధతి మేలు. హేచరీవాళ్లు రొయ్య పిల్లల కోసం కీటోసెరాస్ అనే డయాటమ్‌ని పెంచేదీ ఇలాగే. వాళ్లు వాడే ఎఫ్/2 అనే పోషక ద్రావణంలో లీటరుకి 75 మిల్లీగ్రాముల సోడియం నైట్రేట్, 5 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ లవణం, 30 మిల్లీగ్రాముల సోడియం సిలికేట్ ఉంటాయి. నైట్రేట్, ఫాస్ఫేట్ అంటే మన దగ్గర ఇంత భయం, పక్క ఊళ్లో వాటిని తూచి మరీ పోసి పంట తీస్తున్నారు. ట్యాంకులో ఆ మోతాదులు వద్దనుకోండి, అవి ఆల్గే తొట్లకి.

డైనోలని పీకేటప్పుడు జాగ్రత్త. ఆస్ట్రియాప్సిస్ పాలీటాక్సిన్ కోవకి చెందిన విషాలు చేస్తుంది. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఇది విపరీతంగా పెరిగినప్పుడు గాలిలో తుంపర పీల్చి రెండు వందల మంది దాకా దగ్గు, జ్వరం, ఊపిరాడకపోవడంతో బాధపడ్డారు. మీ జోవాంథిడ్లలోనూ ఇలాంటి విషమే ఉంటుంది. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. సైఫన్ గొట్టం నోటితో పీల్చొద్దు. రాళ్లు ఎప్పుడూ ఉడకబెట్టొద్దు, ఆ ఆవిరి ప్రాణం మీదికి తెస్తుంది. కార్బన్ నడుపుతూ ఉండమన్నది ఈ విషాల కోసమే, వారానికోసారి మార్చండి.

నీళ్ల మార్పిడి డైనోలు తగ్గేదాకా ఆపండి. ఉప్పులో వచ్చే సూక్ష్మ మూలకాలు వాటికే బలమిస్తాయి, కొత్త నీళ్లు మీరు కష్టపడి పెంచుతున్న ఫాస్ఫేట్‌ని పలుచన చేస్తాయి. తీరం నుంచి నీళ్లు తేవడం ఇంకా వద్దు. ఒడ్డు నీళ్లలో ఊరి మురుగు ఎంత కలిసిందో చెప్పలేం, వర్షాల తర్వాత అక్టోబర్, నవంబర్‌లలో నదుల నీళ్లతో ఉప్పదనం కూడా బాగా పడిపోతుంది.

తీరం నుంచి రాయి తెచ్చే సంగతి. జీవమున్న సముద్రపు రాయితో వచ్చే రకరకాల బాక్టీరియా, చిన్న జీవులు డైనోలతో పోటీపడతాయన్న మీ ఆలోచన సరైనదే. కానీ మన తీరం నుంచి పగడం గానీ పగడపు రాయి గానీ తీయకూడదు. గట్టి పగడాల జాతులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. చట్టం లేకపోయినా, ఉన్న కొద్దిపాటి తీరపు రాళ్ల మీద మనం చేయి వేయకూడదనేది నా గట్టి అభిప్రాయం. మీ హ్యామర్ కొన్నప్పుడు దిగుమతి కాగితాలు తీసుకున్నారో లేదో కూడా ఒకసారి చూసుకోండి. బాక్టీరియా కోసం ఊళ్లో ఎన్నాళ్ల నుంచో నిలకడగా ఉన్న ట్యాంకు ఎవరిదైనా ఉంటే అక్కడినుంచి చిన్న రాయి ముక్క, గుప్పెడు ఇసుక అడిగి తెచ్చుకోండి. వాళ్ల దగ్గర చేపల జబ్బులు, పురుగులు లేవని కనుక్కుని మరీ.

ఇవన్నీ చేస్తే ముందు గాజు మీద పచ్చటి పొర కనపడుతుంది. రెండు మూడు రోజులకోసారి తుడవాల్సి వస్తే సంతోషించండి. తర్వాత జోవాంథిడ్లు విచ్చుకుంటాయి, వారం రెండు వారాల్లో. టోడ్‌స్టూల్ మైనంలాంటి పొర కప్పుకుని కొన్నాళ్లు మూసుకుపోతే కంగారుపడొద్దు, అది పాత పొర వదిలేసుకోవడం, దాని అలవాటే. హ్యామర్ ఆలస్యం చేస్తుంది, రంగు రావడానికి ఒకటి రెండు నెలలు పట్టొచ్చు. అస్థిపంజరం అంచుల దగ్గర గోధుమరంగు జెల్లీలా కండ కరిగి జారుతుంటే మాత్రం అది ఆకలి కాదు, ఇన్ఫెక్షన్. వెంటనే ఆ తలని విడదీసి వేరే గిన్నెలోకి మార్చి నాకు చెప్పండి.

పది రోజుల ఫాస్ఫేట్ రీడింగులు, డోస్ ఎన్ని మిల్లీలీటర్లు వేశారో పక్కనే రాసి, మైక్రోస్కోప్ ఫోటోతో కలిపి పెట్టండి. ఏ డైనో అన్నది తేలాక యూవీ కొనాలా, సిలికేట్ పోయాలా అన్నది అప్పుడు చూద్దాం. అప్పటిదాకా యూవీ కొనకండి.